వీధి అవతలికి కనిపించే అక్షరాలు

"మూడు రోజుల్లో ఇళ్లు ఖాళీ చేయాలి." మిల్లు గేటుకు అంటించిన ఆ నోటీసుకు ప్రెస్సులో అక్షరాలు పేర్చింది నేనే. సమ్మె చేశారని మిల్లు యజమాని తన ఇళ్లలో ఉంటున్న రెండొందల కార్మికుల కుటుంబాలను వీధిలో పడేస్తున్నాడు. మా అన్న కుటుంబం అందులో ఒకటి. చంటిబిడ్డను ఎత్తుకుని మా వదిన నోటీసు ముందు నిలబడింది.

"ఇవి మీ ప్రెస్సు అక్షరాలే కదూ అబ్బాయ్?"

"అవును వదినా." తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అవి చెక్క అక్షరాలు. లావుగా, ఏ సోకూ లేకుండా, పొడుగ్గా సాగి ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడతాయి. ఇరుకు కాగితంలో ఎక్కువ మాటలు పడతాయి, వీధి అవతలికి కూడా కనిపిస్తాయి. వేలం, జప్తు, ప్రవేశం లేదు... ఇలాంటి వాటికే వాడేవాళ్లం. "ఇలా ఇరుక్కోవడం మన ప్రెస్సు షెడ్డులోనే నేర్చుకుని ఉంటాయి" అనేవాడు మిషన్ తిప్పే మనిషి.

మర్నాడు భోజనాల దగ్గర గొడవైంది.

"జీతానికి పేర్చాం. మన తప్పేముంది?" అన్నాడు మిషన్ మనిషి.

"ఆ చేతుల్తోనే మిల్లువాళ్ల మాటా పేరుద్దాం" అన్నాడు పెద్దాయన. ముప్పయ్యేళ్లుగా అక్కడ పనిచేస్తున్నాడు. నాకు పని నేర్పింది ఆయనే.

"ఓనరుకు తెలిస్తే మన బతుకులు బుగ్గే" అన్నాడు మిషన్ మనిషి.

"మిల్లువాళ్లవి ఇప్పటికే అయ్యాయి కదయ్యా" అంది కాగితాలు మడిచే అక్క.

ఆదివారం మా ప్రెస్సు ఓనరు ఊళ్లో లేడు. అవే అక్షరాలతో వేశాం: "ఇళ్లు ఖాళీ చేయం." సాయంత్రానికి ప్రతి గోడ మీదా ఉంది. మిల్లు యజమాని మాట ఎంత ఎత్తో, ఆ మాటా అంతే ఎత్తు. చూసి పొంగిపోయాం, వెర్రివాళ్లం.

అడుగున చీమ తలంత అక్షరాల్లో మా ప్రెస్సు పేరుంది. ఏ పోస్టరుకైనా ఆఖరున ఆ వరుస పెట్టి బిగించడం పెద్దాయన చేతికి అలవాటు. అచ్చుకు ముందు తప్పులు వెతికే ప్రూఫు చూసింది నేను. నా కళ్లు పెద్ద అక్షరాల దగ్గరే ఆగిపోయాయి.

సోమవారం పోలీసులొచ్చారు.

"నేనే వేశాను. ఒక్కణ్ణే" అన్నాడు పెద్దాయన, మా వంక చూడకుండా.

నోరు తెరవాలనుకున్నాను. భయంతో మాట రాలేదు. ఇన్నేళ్లయినా అందుకు సిగ్గుపడుతూనే ఉన్నాను. ఆయన్ను చొక్కా పట్టి ఈడ్చుకెళ్లారు. ఆ సాయంత్రమే మిల్లు ఇళ్ల ముందు లారీలు ఆగాయి. మా వదిన సామాన్లు వీధిలో వర్షానికి తడిశాయి. చూస్తూ నిలబడటం తప్ప మేం చేయగలిగింది ఏమీ లేకపోయింది.

మంగళవారం ఓనరు నా ముందు ఒక కాగితం పడేశాడు. పెద్దాయనను పనిలోంచి తీసేశామని, ఆయనకు ఇక ఎవరూ పని ఇవ్వకూడదని నోటీసు.

"ఆ పెద్ద అక్షరాల్లో వెయ్యి."

"వెయ్యనండి."

ఓనరు మిషన్ మనిషి వైపు తిరిగాడు. "నేనూ తిప్పను" అన్నాడతను. మడత అక్క లేచొచ్చి మా పక్కన నిలబడింది.

"పక్క ప్రెస్సులో వేయిస్తా. గంటలో గోడెక్కుతుంది. మీరు రోడ్డున పడతారు."

"తెలుసండి" అన్నాను. "ఆ పోస్టరు ఆయనొక్కడే వెయ్యలేదు. మేమందరం వేశాం. స్టేషనుకి చెప్పుకోండి."

ఓనరు ఫోను అందుకున్నాడు. మేం ముగ్గురం గుమ్మంలో వరుసగా కూర్చుని జీపు కోసం చూశాం.