ముక్క పరీక్ష

మిరప కోతకు పోయే ఆ ముఠాలో పదకొండు మంది ఆడవాళ్ళు. అందులో ఏడుగురు గర్భసంచి తీయించుకున్నవాళ్ళే. మాచవరం చుట్టుపక్కల ఊళ్ళలో అదేమంత వింత కాదు. నడుం నొప్పి అన్నా, తెల్లబట్ట అన్నా, నెలనెలా ఎక్కువగా పోతుందన్నా చివరికి అక్కడికే చేరుతుంది. పిల్లలు పుట్టాక ఇంక దాంతో పనేముందని అనుకుంటారు. ఆ ఏడుగురిలో అందరికన్నా ముందు తీయించుకున్నది హన్నమ్మ. మిగతా ఆరుగురిలో నలుగురిని వెంటబెట్టుకుని పోయి, ఆపరేషన్ చేయించి, మంచం పక్కన కూర్చుని జావ తాగించి ఇంటికి తెచ్చింది కూడా ఆమే.

ఆమె చెల్లెలు షారోన్‌కు ముప్ఫై ఒక్క ఏళ్ళు. పెళ్ళయి ఆరేళ్ళయింది. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి మూడో నెలలో పోయింది. జనవరిలో ఊళ్ళో వైద్య శిబిరం పెట్టినప్పుడు అందరితో పాటు ఆమెకూ గర్భసంచి ముఖద్వారం పరీక్ష చేశారు. కొన్నాళ్ళకు నర్సు ఫిలోమినా ఇంటికొచ్చి చెప్పింది.

"కొద్దిగా తేడా ఉందంట. క్యాన్సరని కాదు. నరసరావుపేట పోయి ఇంకో పరీక్ష చేయించుకుంటే తేలుద్ది."

గుమ్మంలో నిలబడి వింటున్న హన్నమ్మకు ఆ మాటల్లో క్యాన్సర్ తప్ప ఇంకేదీ మనసుకెక్కలేదు.

వాళ్ళమ్మ పోయింది ఆ జబ్బుతోనే. చివరి రెండు నెలలు పాత చీరలు చించి, మడతలు పెట్టి, పూటకు నాలుగుసార్లు మార్చింది హన్నమ్మే. ఆ వాసనకు పక్కింటివాళ్ళు కిటికీ మూసుకునేవాళ్ళు. అప్పుడు ఎనిమిదో తరగతిలో ఉన్న షారోన్‌ను ఆ గదిలోకి రానిచ్చేది కాదు. అమ్మ పోయిన మరుసటేడు తనకు తెల్లబట్ట కనపడగానే హన్నమ్మ వారం కూడా ఆగలేదు. ఇరవై ఆరేళ్ళకే తీయించేసుకుంది. మూడేళ్ళ కూతురుంది, చాలనుకుంది. ఆ కూతురు ఏడో ఏట జ్వరంతో పోయింది. ఇంకో బిడ్డ పుట్టని ఇంట్లో ఏముందని మొగుడు కృష్ణా నది దాటి పోయి అవతల వేరే కాపురం పెట్టాడు. ఇన్ని జరిగినా హన్నమ్మ ఆ ఆపరేషన్‌ను ఒక్క మాట అనలేదు. అమ్మలాగా పోకుండా బతికున్నాను గదా అనుకుంది.

అందుకే ఫిలోమినా అటు పోగానే ఊళ్ళో వైద్యం చేసే ఆర్ఎంపీ నరసింహారావు దగ్గరికి పోయింది.

"ఎట్టాగూ కడుపు నిలవట్లా గదా. అది ముదిరిందాకా ఆగటం ఎందుకు?" అన్నాడాయన. "సోమవారం ఆపరేషన్‌కు టౌన్లో డాక్టరుతో మాట్లాడతా."

ఆ మాట మర్నాటికి మిరపచేలోకి వచ్చేసింది.

"ఏమే షారోన్, సోమవారం మా సంఘంలో చేరుతున్నావంట?" అంది అంజమ్మ, పక్క సాలులోంచి తల ఎత్తకుండానే.

"నేను చేరనులే వదినా. మీ సంఘంలో చేరాలంటే చానా ఇచ్చుకోవాల."

"ఏమిచ్చాం మేము? ఎందుకూ పనికిరాని సంచేగా. మీ అక్క కాచే జావ కోసమన్నా చేయించుకోవచ్చే. ఇంట్లో ఏ మొగుడు పోస్తాడు అట్టాంటి జావ?"

సాళ్ళన్నీ నవ్వాయి. హన్నమ్మ కూడా నవ్వింది. షారోన్ మాత్రం ఒడిలోని కాయలు గోతాంలో పోసి ముందుకు జరిగింది.

ఇంటికొచ్చాక అక్క దగ్గర కూర్చుని మెల్లగా మొదలుపెట్టింది.

"ముందు ఆ పరీక్ష చేయించుకుంటానక్కా. చెడ్డగా వస్తే నువ్వు యాడికి రమ్మంటే ఆడికొస్తా."

"పరీక్షలంటూ తిరిగే లోపల ముదిరితే?"

"అంత తొందరగా ముదరదంట. ఏళ్ళు పడతదంట. ఫిలోమినక్క చెప్పింది."

"ఫిలోమినా చూసిందా అమ్మను?"

"నేనూ చూళ్ళా. నువ్వు చూడనీలా."

"నువ్వుంటే చాలే నాకు. పిల్లలు లేకపోతే పోయారు."

"నాకు చాలదక్కా."

హన్నమ్మ ఆ రాత్రే నరసింహారావుకు ఫోన్ చేసి, సోమవారం వద్దు, పరీక్ష అయ్యాక చెప్తానంది.

నరసరావుపేట ఆసుపత్రిలో డాక్టర్ హిమబిందు షారోన్‌ను తెర వెనక్కి తీసుకుపోయింది. హన్నమ్మ తెరకు ఇవతల నిలబడి గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు లెక్కపెడుతూ ఉంది. ఏదో మందు రాసి, అద్దాల మిషన్‌లో చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపామని, రెండు వారాలకు రమ్మని చెప్పారు. హన్నమ్మ ఆ రెండు వారాలూ రోజూ ఏదో వంకతో చెల్లెలి ఇంటికి పోయేది. దండెం మీద ఆరేసిన బట్టల్ని తిరగేసి చూసేది. ఏ మరకా కనపడకపోయినా నమ్మకం కుదిరేది కాదు.

రెండు వారాలకు మళ్ళీ పోయారు. డాక్టర్ కాగితం చదివి తలెత్తింది.

"క్యాన్సర్ లేదు. ఉన్నది చిన్న తేడా. ఇట్లాంటివి చాలామందికి వాటంతటవే తగ్గిపోతాయి. కానీ ఏడాదికి మళ్ళీ వచ్చి పరీక్ష చేయించుకోవాలి. బాగానే ఉంది గదా అని మానకూడదు."

"ఆపరేషన్?" అంది హన్నమ్మ.

"ఎందుకమ్మా? దీనికి గర్భసంచి తీసే పనే లేదు."

"పిల్లల్ని కనొచ్చా మేడం?" అంది షారోన్. ఆ గొంతు అక్కకే కొత్తగా వినపడింది.

"కనొచ్చు."

షారోన్ పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇద్దరూ లేచారు. తలుపు దాకా వచ్చాక హన్నమ్మ వెనక్కి తిరిగింది.

"నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు తీసేశారమ్మా. నాదీ ఇట్టాంటిదేనా?"

డాక్టర్ పెన్ను పక్కన పెట్టింది. "తీసినదాన్ని పరీక్షకు పంపారా? కాగితం ఏమన్నా ఇచ్చారా?"

"కాగితం లేదు. బేసిన్లో పెట్టి మా ఆయనకు చూపిచ్చారు. నల్లగా ఉందని చెప్పారంట."

"కంటితో చూస్తే తెలియదమ్మా."

"ఇప్పుడు తెలుసుకోటానికి ఏమన్నా ఉందా?"

"లేదమ్మా," అంది డాక్టర్.

బస్సులో షారోన్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది. పిడుగురాళ్ళ వచ్చేదాకా ఇటు తిరగలేదు. సంతోషం మొహాన కనపడకుండా దాచుకోవడానికి ఆ పిల్ల పడుతున్న అవస్థ హన్నమ్మకు తెలుస్తూనే ఉంది.

"నవ్వితే నవ్వవే. నేనేమీ అనుకోను," అంది.

షారోన్ నవ్వలేదు. అక్క భుజం మీద మొహం ఆనించి ఏడ్చింది. హన్నమ్మకు మాత్రం కన్నీళ్ళు రాలేదు. నల్లగా ఉండటమంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోవాలని చూస్తూ కూర్చుంది.

మర్నాడు చేలో సంగతి తెలిసి అంజమ్మ సంతోషపడింది.

"మంచిదే. మరి నరసింహారావుకు చెప్పిన మాట ఉత్తిగా పోవటమెందుకు? మా కోడలు సాయిశ్రీని తీసుకుపోవే. రెండు నెలల నుంచి నడుం నడుం అని చంపుతుంది."

"వద్దు వదినా," అంది హన్నమ్మ. "ముందు నరసరావుపేట తీసుకుపోదాం. అక్కడ చూసి చెప్తారు. తీసే పనే లేకపోవచ్చు."

అంజమ్మ చేతిలోని కాయలు చేతిలోనే ఉండిపోయాయి.

"నన్ను తీసుకుపోయినప్పుడు ఈ మాట చెప్పలా?"

"అప్పుడు నాకు తెలవదు వదినా."

"నిన్ను చూసే గదే మేమంతా పోయింది."

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉంటే హన్నమ్మ ఏదో ఒకటి తిరిగి అనేది. సాళ్ళలో కాయ తెంపుతున్న చప్పుడే వినపడుతూ ఉంది. చాలాసేపటికి అంజమ్మ అడిగింది.

"ఏ రోజు పోవాల?"

"గురువారం. పొద్దున బస్సుకి."

"పంపిస్తా. జాగ్రత్తగా చూపించు."

అంజమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, తన గోతాం ఈడ్చుకుంటూ నాలుగు సాళ్ళ అవతలికి పోయి కోత మొదలుపెట్టింది.