పదహారు కుడివైపులు

ఉతికిన బట్టలు మడతపెట్టడానికీ, చిరుతల ఒంటి మీది మచ్చలు పోల్చడానికీ ఆ ఇంట్లో ఉన్నది ఒకటే బల్ల. కోడలు ముందుగా బట్టల సంగతి చూసి, తర్వాత లాప్‌టాప్ తెరుస్తుంది.

"మళ్లీ మొదలెట్టావా? బొమ్మలు చూడ్డం కూడా ఒక పనేనా!" అంది అత్తగారు. ఆ మాట ఆవిడ కోపంగా అనదు. వాన పడేలా ఉంది అన్నట్టు అంటుంది. "మా రోజుల్లో ఇవి ఉంటే నేనూ చూసేదాన్ని, కాళ్లు బారజాపుకుని."

భర్త వన్యప్రాణుల గణన విభాగంలో అధికారి. అడవిలో చెట్లకు కెమెరాలు కట్టిస్తాడు. ముందునుంచి ఏది నడిచినా కెమెరా దానంతటదే ఫోటో తీస్తుంది. సీజనుకు ముప్పై వేల ఫోటోలు. గాలికి ఊగిన కొమ్మలు, దారితప్పిన గేదెలు, కెమెరాను నాకి చూసిన ఎలుగుబంటి పోగా మిగిలిన చిరుతల్లో ఏది ఏదో తేల్చేది ఆమె. ఏ రెండు చిరుతలకూ మచ్చలు ఒకేలా ఉండవు. "ఊరికే ఒకసారి చూసిపెట్టు" అన్నాడు పెళ్లయిన కొత్తలో. ఆ ఒకసారి ఆరేళ్లుగా నడుస్తోంది. జీతం అతనిది, రిపోర్టు అతనిది. ఎప్పుడో అడిగితే, "నీకూ నాకూ వేరేనా?" అన్నాడు. వేరు కానప్పుడు అందులో నేనెందుకు లేను అని అడగాలని ఆమెకు రెండు రోజుల తర్వాత తోచింది. అప్పటికి అతను క్యాంపుకు వెళ్లిపోయాడు.

అడవిలో జంతువుల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టలేరు. మొదటి విడతలో కొన్నిటిని గుర్తుపెట్టుకుంటారు. రెండో విడతలో వాటిలో ఎన్ని మళ్లీ కనిపించాయో చూస్తారు. పాతవే ఎక్కువగా కనిపిస్తే, చూడనివి కొన్నే మిగిలాయని అర్థం. కొత్తవే వస్తుంటే, అడవిలో ఇంకా చాలా ఉన్నాయని. లెక్క ఎంత పెద్దదైనా దాని కింద ఉండేది గుర్తుపట్టడమే.

ఇదివరకు దారికి అటొకటి, ఇటొకటి రెండు కెమెరాలు ఉండేవి. ఈ ఏడు ఎక్కువ చోట్లు చూపించాలని అతను జతలు విడదీసి చోటుకొకటి కట్టించాడు. దాంతో కొత్త చిరుతలకు ఒక వైపే ఫోటో పడింది. ఒకే చిరుతకు ఎడమవైపు మచ్చలు వేరు, కుడివైపు మచ్చలు వేరు.

"ఈ కుడివైపు దేనితోనూ కలవడం లేదు. ఏం చెయ్యను?" అని అడిగింది.

"కలవకపోతే కొత్తదే. కొత్త నంబరివ్వు" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.

ఇచ్చింది. నలభై నాలుగు నంబర్లు తేలాయి. వాటిమీద ఆ విడతల సూత్రం వేస్తే, కనిపించనివీ కలిపి అడవి మొత్తానికి యాభై ఆరు. నిరుడు ముప్పై ఐదు.

బుధవారం ఆలస్యంగా వచ్చిన ఆఖరి కెమెరా కార్డులో వరసగా మూడు ఫోటోలున్నాయి. మొదటిదాంట్లో చిరుత వెళ్తోంది. రెండోదాంట్లో ఏదో విన్నట్టు ఆగి తిరిగింది. మూడోదాంట్లో వచ్చిన దారినే వెనక్కి వెళ్తోంది. దాని ఎడమవైపు పదిహేడో నంబరు. కుడివైపు ముప్పై ఎనిమిదో నంబరు.

ఆమె రిజిస్టరు మొదటినుంచీ తిరగేసింది. రెండు వైపులూ తెలిసినవి పన్నెండు. ఒట్టి ఎడమవైపులు పదహారు. ఒట్టి కుడివైపులు పదహారు. ఏ కుడి ఏ ఎడమదో తెలియనప్పుడు ఒక వైపునే లెక్కలోకి తీసుకోవాలి. ఎడమ తీసుకుంటే నంబర్లు ఇరవై ఎనిమిది. అడవి మొత్తానికి ముప్పై ఆరు.

"ఇప్పుడా చెప్పేది?" అన్నాడు భర్త. "పెరిగాయని పైవాళ్లకు చెప్పేశాను. అడవి అంచున పద్దెనిమిదింటిని పట్టి బోన్లకు పంపాలని ఆర్డరు కూడా రాసి పెట్టుకున్నారు."

"పెరగలేదు కదా."

"కలిసింది ఒక్కటి. మిగతావి కలవలేదుగా? నువ్వు పోల్చు చాలు. లెక్కలు నాకొదిలెయ్."

ముప్పై ఆరులో పద్దెనిమిది అంటే సగం. గిన్నెలు తోముతూ, దుప్పట్లు దులుపుతూ, అత్తగారి మోకాళ్లకు మందు రాస్తూ ఆమె మూడు రోజులు ఆ తీసివేత చేసింది. కోపంలో సగమే అతని మీద. కొత్త నంబరివ్వమన్న రోజునే ఆమెకు అనుమానం వచ్చింది. అడిగితే "నీకెందుకు" అంటాడని అడగలేదు. ఏ మాటకు ఏ జవాబు వస్తుందో ముందే తెలిసిపోయి, మాటను గొంతులోనే ఆపుకోవడం ఆరేళ్లలో ఆమెకు అలవాటైంది. మచ్చలు పోల్చడం కంటే అందులోనే ఆరితేరింది.

శనివారం పొద్దున అతను పంపిన లెక్కలు తనిఖీ చేసే నిపుణురాలు హెడ్డాఫీసు నుంచి ఫోన్ చేసింది. ఇలాంటప్పుడు ఆ భార్యాభర్తలకొక పద్ధతి ఉంది. ఫోన్ స్పీకర్లో పెట్టి అతను మాట్లాడతాడు. ఆమె పక్కన కూర్చుని రిజిస్టర్లో జవాబు ఉన్నచోట పెన్సిల్ పెడుతుంది. అతను అది చదువుతాడు.

"ముప్పై ఎనిమిదో నంబరుకు ఎడమవైపు ఒక్క ఫోటో కూడా లేదేమండీ?"

అతను పెన్సిల్ వైపు చూశాడు. అది కదల్లేదు. "అదీ... పడలేదండీ."

"ముప్పై తొమ్మిదికీ లేదు, నలభైకీ లేదు. ఇవి వేరే చిరుతలని ఎలా తేల్చారు?"

అతను మోచేత్తో పొడిచాడు. "రికార్డు చూసి చెప్తానండీ."

"వేరే చిరుతలని తేలలేదండీ" అంది ఆమె.

"ఎవరు మాట్లాడేది?"

"మా ఆవిడండీ. టీ తెచ్చింది." నవ్వి, ఫోన్ మీదికి చెయ్యి చాపాడు.

బల్ల మీద టీ లేదు. ఆమె ఫోన్‌ను తనవైపు జరుపుకుంది.

"ఫోటోలు పోల్చేది నేనండీ. ఆరేళ్లనుంచీ నేనే. నలభై నాలుగు కాదు, ఇరవై ఎనిమిది. పదహారు కుడివైపుల్ని కూడా వేరే చిరుతలుగా లెక్కేశాం. అవి తీసెయ్యాలి."

అటువైపు కాగితాలు తిరిగిన చప్పుడు. ఇటు భర్త, గొంతు లేకుండా, పెదవులతో ఏదో అంటున్నాడు. వంటింట్లోంచి అత్తగారు, "ఎవర్తోనే ఆ మాటలు?"

"వాటికి వేరే నంబర్లు ఎవరిచ్చారు?" అంది నిపుణురాలు.

అతనిమ్మన్నాడు అనొచ్చు. అదీ నిజమే.

"నేనే ఇచ్చాను" అంది. "తప్పు నాది. రాసుకోండి."