ఆలస్యంగా వచ్చే అక్షరాలు

పాత కంప్యూటర్‌లో ఇంకో చిన్న మెమరీ ముక్క వేయించడమా, మానడమా అన్నది ఎవరికైనా చిటికెలో తేలిపోయే సంగతి. టైపిస్టుకి మాత్రం మూడు వారాలుగా ఎటూ తెగడం లేదు.

ఆవిడా, ఆవిడ భర్తా ఆ ఒక్క కంప్యూటర్ మీదే వంతులేసుకుని లాయర్ల కాగితాలు, పరిశోధన వ్యాసాలు టైపు చేసేవారు. ఒకసారి ఆపితే మళ్లీ తెరుచుకోవడానికి అరగంట తినేస్తుందని దాన్ని ఏనాడూ ఆపేవారు కాదు. ఆయన పోయి నెల దాటినా ఆవిడ ఆపలేదు. ఇప్పుడది మరీ మొండికేసింది. ఒక వాక్యం కొట్టి చేతులు ముడుచుకుని కూర్చుంటే, అక్షరాలు ఒక్కొక్కటే తీరిగ్గా తెర మీదికి వచ్చేవి.

మూడు వారాల కిందట అలా కూర్చుని ఉండగానే, తను కొట్టని మాట ఒకటి వచ్చింది. ‘ఏమోయ్’. తర్వాత ఒక ఖాళీ, ఆ తర్వాత కామా. కామాకి ముందు ఖాళీ వదలడం ఆయన జబ్బు. ఇరవై ఏళ్లు ఆవిడ దిద్దింది, దెప్పింది, ఆయన మారితేగా! ఆవిడకి భయం వేసింది, భయాన్ని మించి ఆశ పుట్టింది. వాక్యం మాత్రం అక్కడే ఆగిపోయింది. మిగతాది ఏమిటోనని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది.

ఆ మధ్యాహ్నం మెకానిక్ వచ్చి డబ్బాని వెనక్కి తిప్పి చూశాడు.

"చిన్న ముక్కే అక్కా. వేశామంటే ఇక వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదు. కాకపోతే ముందు పూర్తిగా ఆపాలి."

"ఆపితే, ఇంకా తెర మీదికి రాని అక్షరాలో?"

"అవి పోతాయి. పోతే పోయె, మళ్లీ కొట్టుకోవచ్చుగా?"

మళ్లీ ఎవరు కొడతారు? శనివారంలోగా వ్యాసం అందకపోతే చేతిలో ఉన్న ఒక్క పనీ జారిపోతుంది. అది తెలిసీ ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దులే తమ్ముడూ. ఇలాగే నెట్టుకొస్తాను."

"మీ ఇష్టం. రేపు మొరాయిస్తే నన్నేమీ అనకండి," అంటూ అతను సంచీ సర్దుకోబోయి ఆగిపోయాడు. తెర మీద అక్షరాలు కదులుతున్నాయి. అతను ఆవిడ చేతుల వైపు చూశాడు. అవి ఒళ్లోనే ఉన్నాయి. గుమ్మం దాకా వెనక్కి జరిగాడు.

‘ఏమోయ్ , దీన్ని ఆపవూ ? వెలుగు కళ్లలో పడుతోంది , ఎన్నాళ్లయిందో నిద్ర పట్టి’

ఆవిడకి దుఃఖం కంటే ముందు సిగ్గు ముంచుకొచ్చింది. తన ఆశ కోసం ఆ మనిషిని ఇన్నాళ్లూ మేలుకోబెట్టింది!

"నేను ఆపనా అక్కా?" గుమ్మంలోంచే అడిగాడు మెకానిక్.

"వద్దు. నేనే ఆపుతాను."

నేల మీద చతికిలబడి స్విచ్చి మీద వేలు పెట్టింది. వేలు చాలాసేపు మాట వినలేదు.

"ఇక పడుకోండి," అని నొక్కింది.