ఫైలు మీద బొట్టు

మా ఆయన నరహరి పోయి నాలుగో నెల నడుస్తోంది. నేను సరిగ్గా ఏడవలేదని చుట్టాలు చెప్పుకుంటున్నారట. చెప్పుకోనీ. ఏడుపు రావాలి కదా! పొద్దున్నే లేచి మా అమ్మాయి సాత్వికకు జడ వేస్తాను, డబ్బా కడతాను, మార్కెట్ యార్డుకు పోయి కాంటా పక్కన కూర్చుని కంప్యూటర్ మీద ధాన్యం బిల్లులు కొడతాను. కూరలో ఉప్పు ఎక్కువైందని పిల్ల చెబితేనే నాకు తెలుస్తుంది.

ఇంటి లోను కిస్తీలు ఆగిపోయి బ్యాంకు నుంచి నోటీసు వచ్చింది. కోహెడలో ఉన్న మా మామ ఎల్లయ్య ఫోన్ చేసి, ఇల్లు అమ్మేసి ఊరికి వచ్చేయమన్నాడు. సరేనని అనలేదు, కాదని కూడా అనలేదు. ఇల్లు నిలుస్తుందో పోతుందో బ్యాంకులోనే తేల్చుకుందామని బయల్దేరాను. కొడుకు పోయినప్పటి నుంచి మా దగ్గరే ఉంటున్న మా అత్తమ్మ పోశమ్మ పిలవకుండానే చెప్పులేసుకుని నా వెంట నడిచింది.

ఆ ఇల్లంటే నరహరికి ప్రాణం. పెద్దదేమీ కాదు, ఊరి చివర కొత్త వెంచరులో రెండు గదులూ వంటిల్లూ. మీసాలు రాకముందే భివండీ మరమగ్గాల పనికి పోయినవాడు. అక్కడ పడుకోవడానికి కూడా వంతులేనట. రాత్రి షిఫ్టువాడు వచ్చి లేపితే లేవాలి, ఆ చాప మీద అతను పడుకుంటాడు. తిరిగొచ్చి సిద్దిపేటలో ఒక గోదాములో సూపర్‌వైజర్ అయ్యాక కూడా, ఎవరూ లేపని చోటు ఒకటి కావాలని ఒకటే పోరు. తీరా ఇంట్లో దిగి ఏడాది తిరగకముందే గుండె ఆగిపోయింది. పొద్దున నేనే లేపబోయాను. లేవలేదు.

బ్యాంకులో లోన్ల ఆఫీసరు సుధాకర్ మా ఫైలు తీశాడు. అట్ట మీద పసుపు, కుంకుమ బొట్టు అలాగే ఉన్నాయి. అవి మా అత్తమ్మ పెట్టినవే.

లోను తీసుకున్నప్పుడు, సంతకాల రోజున ఆమె ఇంట్లో పెళ్లి జరుగుతున్నంత హడావిడి చేసింది. బ్యాంకు ముందు కొబ్బరికాయ కొట్టించింది. వద్దు వద్దంటున్నా వినకుండా ఫైలుకు బొట్టు పెట్టింది. అంతా అయ్యాక సుధాకర్, "లోనుకు ఇన్సూరెన్స్ రాసుకోన్రి అన్నా. ఒకవేళ మీకేమన్న అయితే..." అని ఎత్తుకున్నాడో లేదో, అత్తమ్మ కస్సుమంది.

"మంచి పనికి కూసున్నంక చావు మాటలేంది సారూ? నోట్లె మంచి మాట రాదా?"

నరహరి పగలబడి నవ్వాడు. "వద్దులే సార్. గది రాస్తే మా అవ్వ నన్ను గీడికెల్లి లేపుకపోతది" అన్నాడు. సుధాకర్ ఆ కాగితం పక్కన పెట్టేశాడు.

ఇప్పుడు సుధాకర్ ఫైలు తిరగేసి, గొంతు తగ్గించి చెప్పాడు. "అన్న ఆ ఇన్సూరెన్స్ తీసుకుంటే ఇయ్యాల మీకు లోనే ఉండకపోతుండె మేడమ్. కంపెనీ వాళ్లే మొత్తం కట్టెటోళ్లు."

అత్తమ్మ వెనక బెంచీ మీద కూర్చుని ఉంది. "ఏమంటుండు బిడ్డా?" అని అడిగింది.

"ఏం లేదు అత్తమ్మా. సర్వర్ పనిచేస్తలేదట" అన్నాను.

ఆమె మీద నాకు కోపం రాలేదు. అది నా మంచితనం అనుకునేరు. నాకు ఏమీ అనిపించడం లేదు, అంతే. ఎవరి ఇంటి సంగతో వింటున్నట్టు విన్నాను.

లోనులో నా పేరు కూడా ఉంది కాబట్టి మిగిలిందంతా నా మీదే పడుతుందన్నాడు. నా జీతం చెప్పాను. ముందు గది కిరాయికి ఇస్తానన్నాను. అతను లెక్కలు వేసి, గడువు నేను ముసలిదాన్నయ్యే దాకా సాగదీసి, కిస్తీ తగ్గించాడు. పైవాళ్లు కూడా ఒప్పుకుంటారన్నాడు. ఇల్లు నిలిచింది. సంతోషం వస్తుందేమోనని కాసేపు చూశాను. రాలేదు. చూపించిన చోటల్లా సంతకాలు చేశాను.

చివర్లో సుధాకర్ పెన్ను పట్టుకుని ఆగాడు. "ఇంకోటి అడగాలె మేడమ్..." అని బెంచీ వైపు చూసి, నసిగాడు.

అత్తమ్మ లేచి వచ్చి టేబుల్ పట్టుకుని నిలబడింది.

"అడుగు సారూ. నా కోడలు సస్తే ఎవరు కట్టాలె అనే గదేనా?"

సుధాకర్ ఇన్సూరెన్స్ కాగితం ముందుకు జరిపాడు.

"ఈమెకు ఏమన్నైతే ఇల్లు పిల్లకుంటదా?"

"ఉంటది అవ్వా."

"అయితే రాయి. గప్పుడు నేనే రాయనియ్యలే. ఇయ్యాల నేనే చెప్తున్న, రాయి."

నా చావు గురించి ఆమె అంత గట్టిగా మాట్లాడుతుంటే బ్యాంకులో జనం తిరిగి చూశారు. నామినీ ఎవరని సుధాకర్ అడిగితే, సాత్విక అని చెప్పాను. ఈసారి అత్తమ్మ కుంకుమ తీయలేదు. రొండిన దోపుకున్న పొట్లం మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది.

బయటికి వచ్చాక మెట్ల మీద కూలబడింది. "సర్వర్ కాదు. సారు ఏమన్నడో నాకు ఇనవడ్డది" అంది. మళ్లీ తనే అడిగింది. "గా దినం నేను నోరు మూసుకుంటే లోను తీరిపోతుండె గద బిడ్డా?"

మళ్లీ అబద్ధం చెప్పే ఓపిక నాకు లేదు.

"తీరిపోతుండె అత్తమ్మా."

ఆమె తల ఊపింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రోడ్డు మీద పోయే బస్సులను చూస్తోంది. ఆ చేతులు చూస్తే నాకు ఎక్కడో కలుక్కుమంది. పక్కన కూర్చున్నాను.

"మీరు గట్ల కస్సుమంటే ఆయన ఎట్ల నవ్విండో యాదికున్నదా?" అన్నాను.

"ఉన్నది" అంది.

ఆ నవ్వు నా చెవిన పడింది. అప్పుడు, బ్యాంకు మెట్ల మీద, వచ్చేపోయే జనం ముందు, నాకు ఏడుపొచ్చింది.