కాలవ కట్టేసిన వారం

ఇందుమతి ఏలూరులో కాపురం పెట్టి అప్పటికి రెండు నెలలు. పుట్టిందీ పెరిగిందీ, కాలేజీలో ఇంటర్ చదివిందీ అంతా రంగూన్‌లోనే. ఇంట్లో తెలుగే మాట్లాడినా, తెలుగు నేలను కళ్లారా చూసింది మాత్రం పెళ్లి కోసం కాకినాడ రేవులో ఓడ దిగినప్పుడే. దానికి తోడు ఆ 1937 ఏప్రిల్ ఒకటో తారీఖున బర్మాను ఇండియా నుంచి విడదీశారు. ఆ సంగతి పేపర్లో చదివి భర్త వెంకట్రాజు, "ఇంకేం! నేను పరదేశం పిల్లను కట్టుకున్నట్టే. పోలీసులకి చెప్పుకోవాలో ఏమో," అని ఏడిపించాడు.

ఆమె నవ్వింది కాని, ఒంటరిగా ఉన్నప్పుడు ఆ మాట నిజమేననిపించేది. రంగూన్‌లో కొళాయి తిప్పితే నీళ్లు, వీధి చివరికి నడిస్తే ట్రాము. ఇక్కడ కాలవ నీళ్లు తెచ్చుకోవాలి. బురద అడుక్కి దిగి నీళ్లు తేరుకోవడానికి కుండలో చిల్లగింజ అరగదీయాలి. ఆ గింజను వక్కనుకుని తాంబూలంలో పెట్టిన ఘనత ఆమెది. పేరంటానికి పిలిచి అందరికీ వేడివేడి టీ ఇస్తే, పక్కింటి వెంకటనరసమ్మగారు కప్పులోకి తొంగిచూసి, కషాయమనుకుని, "ఎవరికమ్మా జ్వరం?" అంది. ఆ నవ్వు వారం రోజులు వీధిలో తిరిగింది. అప్పటినుంచీ ఇందుమతి ఎవరినీ ఏదీ అడగడం మానేసింది.

అయినా సంతోషాలకేం కొదవ లేదు. వాకిట్లోంచి చూస్తే కాలవ. ధాన్యం పడవలు, కొబ్బరికాయల పడవలు తెరచాపలెత్తుకుని ఇంటిముందునుంచే పోయేవి. సాయంత్రమయ్యేసరికి గట్టుమీద సైకిలు బెల్లు రెండుసార్లు మోగేది. వెంకట్రాజు కాలవల ఆఫీసులో గుమాస్తా. ఆ రెండు మోతలూ ఆమె ఒక్కదాని కోసమే. అది విన్నాక రంగూన్ గుర్తుకొచ్చేది కాదు.

అలాంటి రోజుల్లో ముదినేపల్లి నుంచి అత్తగారు అచ్చాయమ్మ ఎవరిచేతో రాయించిన ఉత్తరం వచ్చింది. "కొల్లేరు ఎండింది, బండ్లు నడుస్తున్నాయి. సోమవారం వస్తున్నాను. అమ్మాయి ఇల్లు ఎలా నడుపుతోందో చూస్తాను. చేతకాకపోతే నాతో తీసుకొచ్చి దసరా దాకా పనులు నేర్పిస్తాను. అబ్బాయి హోటల్లో తింటాడు."

దసరా దాకా! ఇందుమతి వేళ్లమీద లెక్కపెట్టింది. అయిదు నెలలు బెల్లు వినపడదు.

ఆ రోజునుంచీ ఇల్లు అద్దంలా ఉంచింది. బూజులు దులిపింది, ఇత్తడి తోమింది. శుక్రవారం వెంకట్రాజు, "తాడేపల్లిగూడెం దగ్గర లాకులు బాగుచేయిస్తున్నారు, క్యాంపుకెళ్తున్నా. సోమవారం మధ్యాహ్నానికల్లా వచ్చేస్తా. భయపడకు, మా అమ్మ నోరే గాని మనసు మెత్తన," అని చెప్పి వెళ్లాడు.

ఆ మూడు రోజులూ వీధిలో ఆడవాళ్లంతా పొద్దస్తమానం నీళ్లు మోస్తూనే ఉన్నారు. గోలేలు, కుండలు, కాగులు, చివరికి తొట్లు కూడా నింపుతున్నారు. ఇందుమతి కిటికీలోంచి ముచ్చటగా చూసింది. రంగూన్‌లో ఎండాకాలం వస్తే నీళ్ల పండగ చేస్తారు. ఇక్కడా ఇదేదో వైశాఖమాసం పండగ కాబోలనుకుంది. అడిగితే మళ్లీ నవ్వుతారని అడగలేదు. తను మాత్రం ఎప్పటిలా రోజుకో బిందె తెచ్చుకుంది. ఆదివారం తెచ్చినదీ రాత్రికి అయిపోయింది.

సోమవారం పొద్దున్నే బిందె చంకనపెట్టుకుని గట్టెక్కి చూస్తే కాలవలో నీళ్లు లేవు! అడుగున బురద. ఆ బురదలో మోకాళ్లదాకా దిగి మనుషులు చేపలు పట్టుకుంటున్నారు.

గట్టుమీద తివాచీ నూలు ఆరేస్తున్న షరీఫా కనిపించింది. ఆవిడ భర్త మదార్ తివాచీలు నేస్తాడు. ఇల్లు రెండిళ్ల అవతలే.

"షరీఫాగారూ, కాలవకేమయిందండీ?"

"కట్టేశారు కదమ్మా."

"ఎవరు?"

"ఎవరేంటమ్మా, మీ ఆయన ఆఫీసోళ్లే! ఏటా వేసవిలో కట్టేసి మరమ్మతులు చేస్తారు. మళ్లీ జూన్‌లోనే నీళ్లు. అందాకా కావాలంటే అంత దూరం ఊరి చివర మంచినీళ్ల చెరువుకి పోవాల్సిందే."

ఇందుమతి అక్కడే కూలబడిపోయింది. ఏడుపు ఆగలేదు. అత్తగారు, ఉత్తరం, దసరా అన్నీ చెప్పేసింది. షరీఫా నూలు అక్కడే వదిలేసి కేకేసింది. "వెంకటనరసమ్మగారండీ! ఓసారి ఇలా రండి!"

ఇందుమతికి భూమిలోకి దిగిపోదామనిపించింది. పిలవకపిలవక ఆవిడనేనా! వెంకటనరసమ్మ వచ్చి, విని, నడుంమీద చెయ్యి వేసుకుంది.

"మూడు రోజులనుంచీ ఊరు ఊరంతా నీళ్లు మోస్తుంటే ఏవనుకున్నావే పిల్లా?"

"పండగనుకున్నానండి."

వెంకటనరసమ్మకు నవ్వు తన్నుకొచ్చింది. షరీఫా కొంగు నోటికి అడ్డంపెట్టుకుంది. చూస్తూ చూస్తూ ఇందుమతి కూడా కళ్లనీళ్లతోనే నవ్వేసింది.

"సరే, పండగ చేద్దాం లే," అని వెంకటనరసమ్మ వీధిలోకి నడిచింది. గడియసేపట్లో ఇంటికో బిందె వచ్చింది. మెడమీద యజమానుల పేర్లు చెక్కిన ఇత్తడి బిందెలు పది. పదకొండోది కళాయి పూసిన రాగి బిందె, షరీఫాది. వాళ్లందరూ జూన్ దాకా పొదుపుగా వాడుకోవాల్సిన నీళ్లవి.

"మా నీళ్లు తాగడానికి మీ అత్తగారికి పనికొస్తాయో రావో," అంది షరీఫా మెల్లిగా. "కాళ్లు కడుక్కోడానికి ఉంచండమ్మా."

"నాకు పనికొస్తాయండి," అని ఇందుమతి అందులోంచి గ్లాసెడు ముంచుకుని అక్కడికక్కడే గటగటా తాగేసింది.

మధ్యాహ్నానికి బండి వచ్చింది. కొల్లేటి దుమ్ముతో తల నెరిసినట్టున్న అచ్చాయమ్మ దిగి, రాగి బిందెలోని నీళ్లతో కాళ్లు కడుక్కుని వసారాలోకి వచ్చింది. వరసగా ఉన్న బిందెలు చూసింది. మూలన బోర్లించిన బిందెను కాలితో కదిపింది. అది తను పెళ్లికి పెట్టిన బిందె.

"ఇందులో చుక్క లేదు. అవన్నీ ఎవరివే?"

ఇరుగుపొరుగువాళ్లు దాచమని ఇచ్చారని చెబుదామా అనుకుంది ఇందుమతి. అబద్ధానికి నోరు రాలేదు. "నీళ్లు పట్టుకోలేదండి. కాలవ కట్టేస్తారని నాకు తెలీదు. ఇవి వీధిలోవాళ్లు ఇచ్చారు," అని తలొంచుకుంది.

అప్పుడే గట్టుమీద బెల్లు మోగింది, రెండుసార్లు. వెంకట్రాజు నవ్వుతూ లోపలికొచ్చాడు.

"ఒరే, కాలవ కట్టేస్తున్నామని నోటీసులు రాసేదెవర్రా?"

"నేనేనమ్మా."

"ఇంట్లో చెప్పావా?"

"అది అందరికీ తెలిసిందేగా..."

"రంగూన్‌లో దానికెవరు చెప్తార్రా సన్నాసీ!"

వెంకట్రాజు నవ్వు మాయమైంది. అచ్చాయమ్మ కొంగు బిగించి నీళ్లన్నీ పెరట్లో గోలెంలోకి పోయించింది. "ఖాళీ బిందెలు తిరిగి పంపకూడదమ్మాయ్. బండిలో నూజివీడు రసాలున్నాయి, పట్రా," అంది.

బిందె బిందెలోనూ పళ్లు నింపి, కోడల్ని వెంటబెట్టుకుని గడపగడపకీ వెళ్లింది. "మా కోడలండీ, రంగూన్ నుంచొచ్చింది. కాస్త చూస్తూండండి," అని ప్రతి ఇంట్లోనూ అదే మాట. రాగి బిందెలోకి పెద్ద పళ్లు ఏరి వేసింది. షరీఫా ఇంట్లోకి వెళ్లలేదు గాని, అరుగుమీద కూర్చుంది. "ఎండలో వచ్చానమ్మా. మీ నీళ్లతో కాళ్లు తడిసేసరికి ప్రాణం లేచొచ్చింది," అంది. షరీఫా విసనకర్ర తెచ్చి ఇచ్చింది.

ఇంటికొచ్చాక ఇందుమతి ఉండబట్టలేక అడిగింది. "నన్ను ఎప్పుడు తీసుకెళ్తారండీ?"

అచ్చాయమ్మ ఓ పండు తీసుకుని పిసకడం మొదలుపెట్టింది. "ముదినేపల్లిలో ముప్పై ఏళ్ల కాపురం నాది. మా ఇంట్లో నీళ్లైపోతే ఇన్ని బిందెలొస్తాయో లేదో నాకు తెలీదు. నువ్విక్కడే ఉండు. నేర్చుకోవాల్సినవాడు వాడు."

మర్నాడు తెల్లవారుతూనే ఊరి చివర మంచినీళ్ల చెరువు నుంచి వెంకట్రాజు భుజాన కావిడి వేసుకుని, అడుగడుక్కీ నీళ్లు ఒలకబోస్తూ వీధిలోకి వచ్చాడు. "చూడండర్రా! కాలవల ఆఫీసే మన వీధిలోకి నడిచొస్తోంది!" అని వెంకటనరసమ్మ గొంతెత్తింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చి నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది ఇందుమతే. కుండలు దింపించుకుని, ఎవర్నీ అడగకుండానే, చిల్లగింజ తీసి అరగదీయడం మొదలుపెట్టింది.