ఆమెన్ కోసం ఆగిన ముద్ద

ఆ ఇంట్లో ప్రార్థన భర్తది, ఆమెన్ భార్యది. పెళ్ళయిన కొత్తలో ఎలా మొదలైందో గానీ, ఆ అలవాటు అలా పడిపోయింది. వీధిలో అందరూ 'సెలూనాయన' అని పిలిచే ఆ మనిషి పళ్ళెం ముందు కళ్ళు మూసుకుని ప్రార్థించేవాడు. పొయ్యి దగ్గర నుంచి భార్య గట్టిగా "ఆమెన్" అనేది. అప్పుడు గానీ ముద్ద నోట్లోకి పోయేది కాదు.

ప్రార్థన కూడా చిన్నదేం కాదు లెండి. రోజంతా జుట్టు కత్తిరిస్తూ పెదవి విప్పని మనిషి, దేవుడి ముందు మాత్రం మాటల మూట విప్పేవాడు. చుట్టాలయ్యాక పక్కింటివాళ్ళు, వాళ్ళయ్యాక పడవల మీద పోయేవాళ్ళు, ఆ తర్వాత పరాయి దేశాల రాజులు! రాజుల దాకా వచ్చేసరికి భార్యకి ఓపిక చచ్చిపోయేది. మాట మధ్యలోనే, "ఆమెన్! ప్రభువు వినేశాడు లెండి. తినండి, చల్లారిపోతోంది" అనేసేది. సెలూనాయన ఒక కన్ను తెరిచి ఉరిమి చూసేవాడు. ఆ చూపుకి ఆవిడ నవ్వేది, ఆవిడ నవ్వుకి ఈయనా నవ్వేవాడు.

కిందటి చలికాలం జ్వరమని ఆసుపత్రికి నడిచి వెళ్ళింది ఆ ఇల్లాలు. తిరిగి రాలేదు.

ఇప్పుడు వంట చేసేది ఆవిడ తల్లి. కూతురు పోయినప్పుడు వచ్చి, అల్లుణ్ణి ఒంటరిగా వదిలి వెళ్ళడానికి మనసొప్పక ఉండిపోయింది. నోటి దురుసే గానీ, చేతి వంట అమృతం. వేళకి అన్నీ అమర్చి పెట్టేది, ఒక్క ఆమెన్ తప్ప.

మధ్యలో ఆపేవాళ్ళు లేకపోవడంతో సెలూనాయన ప్రార్థన ఇప్పుడు రాజుల్ని కూడా దాటి చివరిదాకా పోయేది. "అంతా నీ చిత్తప్రకారమే జరగనివ్వు ప్రభువా" అని ముగించి, కళ్ళు తెరవకుండా ఎదురుచూసేవాడు. గరిటె చప్పుడు వినిపించేది. అత్తగారి నిట్టూర్పు వినిపించేది. అంతే. పోనీ ఆ ఆమెన్ తనే అనేద్దామంటే నాలుక తిరిగేది కాదు. అది తన మాట కాదాయె! తను అనేస్తే, ఇక ఆ మాట అనే మనిషి లేదని ఒప్పేసుకున్నట్టే. ఎలా అంటాడు పాపం? ఆదివారం చర్చిలో అందరూ ఆమెన్ అన్నప్పుడు, ఆ గొంతులన్నిట్లో భార్య గొంతు కోసం వెతుక్కునేవాడు.

చల్లారిన కూరలో రెండు ముద్దలు కెలికి చెయ్యి కడుక్కునేవాడు. బెల్టుకి కొత్త కన్నాలు పడ్డాయి. రక్తపోటు మాత్రలు భోజనం అయ్యాక వేసుకోమన్నారు. అసలు భోజనం అయితేగా! మాత్రల డబ్బా కిటికీలో దుమ్ము కొట్టుకుపోయింది.

ఒకరోజు ఉదయం, వీధి చివరుండే డాక్టరు గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. నురగ పూసి, కత్తి చెవి దగ్గరికి తెచ్చేసరికి సెలూనాయనకి గది గిర్రున తిరిగింది. డాక్టరు చెవి కింద ఎర్రటి గీత పడింది. ఇన్నేళ్ళలో ఒక్కరికీ గాటు పెట్టని చెయ్యి అది! "అయ్యయ్యో, డాక్టరుగారూ!" అంటూ నెత్తురు ఆపడానికి పటిక కోసం తడుముకుంటుంటే, డాక్టరు లేచి ఆయన్నే కుర్చీలో కూర్చోబెట్టి, తన సంచిలోంచి మిషన్ తీసి బీపీ చూశాడు.

"ఏమయ్యా, మాత్రలు వేసుకుంటున్నావా?"

"భోజనం అయ్యాక వేసుకోమన్నారు కదండీ."

"అయితే?"

"భోజనం దగ్గరే ఆగిపోయిందండీ."

డాక్టరుకి ఏమీ అర్థం కాలేదు గానీ ఒళ్ళు మండింది. "ఇవాళ నా చెవితో పోయింది. రేపు ఇంకొకడి పీక తెగుతుంది. లేదా ఈ కుర్చీలోనే నువ్వు పోతావు. ఈ బీపీ దిగేదాకా కత్తి ముట్టుకున్నావో చూడు! మూసెయ్ కొట్టు."

మిట్టమధ్యాహ్నం గుమ్మంలో నిలబడ్డ అల్లుణ్ణి చూసి, జరిగింది విని, అత్తగారి గుండె గుభేలుమంది. గబగబా వడ్డించింది. సెలూనాయన కళ్ళు మూసుకున్నాడు. చుట్టాలు, పడవలు, రాజులు అన్నీ అయ్యాయి. నీ చిత్తప్రకారమే అన్నాడు. ఆగాడు. చప్పుడు లేదు.

"అత్తయ్యా, ఒక్క ఆమెన్ అంటే మీ సొమ్మేం పోతుంది? నేను చచ్చిపోయేట్టున్నాను. ఎందుకండీ ఇంత పంతం?"

అత్తగారు గరిటె విసిరికొట్టింది.

"పంతమా? రోజూ నువ్వేం అంటున్నావో నీ చెవులకి వినిపిస్తోందా బాబూ? అంతా నీ చిత్తమే అంటావు. నా బిడ్డ పోవడం కూడా చిత్తమేనా? ఆమెన్ అంటే దానికి సరేననడమే కదయ్యా! కన్నతల్లి నోటితో ఎలా అనమంటావు?" చెంగుతో కళ్ళొత్తుకుంది. "దేవుణ్ణి వదిలేశాననుకున్నావేమో. లేదు. ఆయన ముందు అబద్ధం చెప్పలేక నోరు మూసుకున్నాను."

ఏళ్ళ తరబడి సెలూనాయన పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి గానీ, చెవులు ఏనాడూ వినలేదు. భార్య అయితే అసలు ఆ మాట దాకా రానిచ్చేదే కాదు. తనకైనా ఆ చిత్తం నచ్చిందా? నచ్చలేదు. అస్సలు నచ్చలేదు.

మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. ఈసారి మాటలు తడబడ్డాయి.

"ప్రభువా, నాకు నచ్చలేదు. నాకు నా భార్య కావాలి. ఆమె గొంతు వినాలనుంది. ఎందుకు తీసుకుపోయావో తెలియట్లేదు, నీ మీద చాలా కోపంగా ఉంది. అయినా నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను? అత్తయ్య ఏడుస్తోంది, చూడు. ఇవాళ నా కత్తి గాటు పెట్టింది, అదీ చూడు. ఇంకా మా పక్కింటివాళ్ళనీ, ఆ పడవల మీద పోయే..."

"ఆమెన్!" పొయ్యి దగ్గర నుంచి గట్టిగా వినిపించింది. "ప్రభువు వినేశాడులే. తిను, చల్లారిపోతోంది."

సెలూనాయన ఒక కన్ను తెరిచాడు. అదే విసుగు, అదే గొంతు, కాస్త ముసలిదై. భార్య ఈ మాట ఎవరి దగ్గర నేర్చుకుందో ఇన్నేళ్ళకి తెలిసింది. ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. ఇంకా వేడిగానే ఉంది.

పళ్ళెం ఖాళీ అయ్యాక డబ్బా మీద దుమ్ము తుడిచి, మాత్ర వేసుకున్నాడు.

"రాత్రి భోజనానికి కూడా అంటారా అత్తయ్యా?"

"నువ్వు నిజం చెప్పు, నేను అంటాను," అంది అత్తగారు తన పళ్ళెంలో వడ్డించుకుంటూ.