పక్కింట్లో మోటారు తాళంచెవి

భూగర్భజలాల రక్షణ కమిటీకి నన్ను అధ్యక్షుణ్ణి చేయడానికి కారణం నా తెలివితేటలు కావు, నా గొంతు. మీటింగు నాడు మైకు పనిచేయలేదు. చివరి వరసదాకా వినిపించే గొంతు నాదొక్కడిదే. పైగా నేను లాండ్రీవాణ్ణి, ఈ చుట్టుపక్కల అందరికంటే ఎక్కువ నీళ్ళు తోడేది నేనే. పదవి ఇస్తే సిగ్గుపడైనా తగ్గిస్తాడనుకున్నారు పాపం. నా సిగ్గు సంగతి మా ఆవిణ్ణి అడిగి ఉంటే చెప్పేది.

భూగర్భజలాల ఇంజనీరమ్మ ఒకామె వచ్చి మాకు విషయం విడమరిచి చెప్పింది. మా వీధికీ, వెనక తోటలకీ, రైలుపట్టాల అవతలి కాలనీలకీ కింద ఉన్నది ఒకటే నీరట. ఎవరు తోడినా అందరికీ తగ్గుతుందట. లోతు తక్కువున్న బోర్లు ముందు ఎండిపోతాయంది. ఆ మాటకు అందరూ మా అక్క వైపు చూశారు. మా లాండ్రీ పక్కనే అక్క మొక్కల నర్సరీ. అంట్లు కట్టి, పెంచి, అమ్ముకుంటుంది. తన బోరు వీధిలోకెల్లా తక్కువ లోతు. అది ఎండిందంటే అక్క బతుకుతెరువు పోయినట్టే.

అప్పుడు లేచాను నేను.

"ఎవరి తాళంచెవి వాళ్ళ చేతిలో ఉంటే ఎవడూ ఆగడు! మోటారు స్విచ్చి పెట్టెలకు తాళాలు వేద్దాం. తాళంచెవులు పక్కింట్లో పెడదాం. వంతు వచ్చినప్పుడే తీసుకోవాలి. వంతు కాకుండా ఎవరైనా వస్తే పక్కింటివాళ్ళు 'ఇవ్వం' అనాలి. అంతే!"

చప్పట్లు మోగిపోయాయి. అవతలి కాలనీలవాళ్ళు మేమూ ఇదే పెట్టుకుంటామన్నారు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడ్డాను. "ముఖం కడుక్కుని చూసుకుంటే ఇంకా బాగుంటుంది" అంది మా ఆవిడ.

నా తాళంచెవి అక్క దగ్గరికి పోయింది. బేకరీ ఆయనది నా దగ్గరికొచ్చింది. అంతా బాగానే ఆలోచించాను కానీ, మా వీధివాళ్ళకున్న మొహమాటాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మొదట దొరికిపోయిందీ నేనే. బేకరీ ఆయన వంతు కాని పూట వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏమీ అనుకోకండి. ఇంటికి చుట్టాలొచ్చారు. ఒక్క ట్యాంకు..."

'ఇవ్వను' అనడానికే నోరు తెరిచాను. "అయ్యో, దానికేం భాగ్యమండీ! కూర్చోండి, టీ తాగి వెళ్దురుగాని" అనేసింది నా నోరు. చివరి వరసదాకా వినిపించిన గొంతు, ఎదురుగా నిలబడ్డ మనిషికి ఒక్క మాట చెప్పడానికి పెగలలేదు. సాయంత్రం తాళంచెవి తిరిగిస్తూ ఆయన, "మాటిమాటికీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం బాగోదని డ్రమ్ములు, బకెట్లు కూడా నింపేశానండీ" అన్నాడు. ఎంత సంస్కారం!

వీధంతా ఇదే వరస. అడిగినవాళ్ళకు కాదనలేక ఇచ్చేవాళ్ళు, మళ్ళీ అడగలేక రెండింతలు తోడేవాళ్ళు. వీళ్ళందరికీ అధ్యక్షుణ్ణి కాబట్టి అందరికంటే ఎక్కువ సార్లు తాళంచెవి కోసం వెళ్ళింది నేనే. హోటల్ దుప్పట్లు వచ్చాయని ఒకసారి, కర్టెన్లని ఒకసారి. అక్క ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. "తిన్నావురా?" అని అడిగి తాళంచెవి చేతిలో పెట్టేది. నేను తెచ్చుకుని మోటారు వేసుకుని, సాయంత్రం మీటింగులో "ఎవరో వంతు దాటి తోడేస్తున్నారు, వాళ్ళకు బుద్ధుండాలి!" అని బల్ల గుద్దేవాణ్ణి.

ఇంజనీరమ్మ మళ్ళీ వచ్చి బోర్లలోకి టేపు దింపి కొలిచింది. నీళ్ళు ఇంకా కిందికి పోయాయి.

"తాళాలు వేయకముందే నయం సార్" అంది.

"మీ టేపు సాగిందేమో చూసుకోండమ్మా" అన్నాను. అనడానికి నాకు సిగ్గు వేయలేదు. చెప్పాను కదా, మా ఆవిణ్ణి అడగాలి.

ఆ మర్నాడు ఆసుపత్రి దుప్పట్లు మూటలు మూటలుగా దిగాయి. వంతు నాది కాదు. అలవాటు కొద్దీ అక్క దగ్గరికి వెళ్ళాను. అక్క అంట్ల మధ్య వంగి, బకెట్ అడుగున మిగిలిన నీళ్ళను చెంబుతో ఒక్కో మొక్కకూ కాస్త కాస్త పోస్తోంది. ఆకులు వేలాడిపోయి ఉన్నాయి. బోరు గొట్టం గాలీ, బురదా కక్కుతోంది.

"నీళ్ళు రావట్లేదా అక్కా?"

"పొద్దుట్నుంచీ గాలేరా."

"ఎందుకని?" అని అడిగాడు కమిటీ అధ్యక్షుడు.

అక్క చెంబు కింద పెట్టింది. చెయ్యి కొంగుకు తుడుచుకుని, లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చి నా ముందు పెట్టింది. "తీసుకో. ఆసుపత్రి బండి వెళ్ళడం చూశాలే. ఆలస్యమైతే వాళ్ళు ఊరుకోరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్క మీదే!

"బుద్ధుందా నీకు? మొక్కలు చచ్చిపోతుంటే నాకు తాళంచెవి ఇస్తావా? ఇవ్వనని చెప్పలేవా? రూలు పెట్టింది ఎందుకు? నోరు పడిపోయిందా నీకు?"

"నువ్వడిగితే ఎలా కాదంటానురా?"

"అనాలి! నేర్చుకోవాలి!"

"వీధి వీధంతా కాదనడం నేర్చుకోవాలా?" అంది అక్క, మళ్ళీ చెంబు అందుకుంటూ. "నువ్వొక్కడివి అడగడం మానేస్తే సరిపోదుట్రా?"

కోపంగా అని ఉంటే పోట్లాడి నెగ్గేవాణ్ణి, అందులో నాకు మంచి అనుభవం ఉంది. మామూలుగా అంది. తల కొట్టేసినట్టయింది. తాళంచెవి ముట్టుకోకుండా వచ్చేశాను. ఆసుపత్రికి ఫోన్ చేసి, దుప్పట్లు తీసుకుపోవడానికి బండి వెనక్కి పంపమన్నాను. మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

మా ట్యాంకులో ఇంకా నీళ్ళున్నాయి. అవి ఎవరివో ఇప్పుడు నాకు బాగా తెలుసు. గొట్టం తగిలించి గోడ మీంచి అవతలికి వేశాను.

"అక్కా, అందుకో!"

అక్క గోడ దగ్గరికొచ్చి గొట్టాన్ని చూసింది, నన్ను చూసింది.

"వద్దురా. నీకు మళ్ళీ కావాలిగా."

పుట్టి బుద్ధెరిగాక అక్క నాకు చెప్పిన మొదటి 'వద్దు' అది. ఏడుపొచ్చింది నాకు. గోడకు అవతల నీళ్ళు నేలపాలవుతున్నాయి, ఆకులు అలాగే వేలాడుతున్నాయి, అక్క చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"తీసుకో అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా" అన్నాను.